పులిజూదంలో వైరస్

ఇరవయ్యేళ్లు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన బ్రహ్మయ్య గారు ఎనభై ఏడులో రెండు కంప్యూటర్లు కొని వెనక గదిలో పెట్టించారు. ముందు గదిలో టైపు మిషన్ల టకటకలు ఎప్పటిలాగే వీధిలోకి వినపడేవి. వెనక గదిలోకి పోవాలంటే మాత్రం చెప్పులు విప్పి, కాళ్లు గోనెపట్టాకు తుడుచుకుని, ఏసీ చల్లదనం పోకుండా తలుపు వెంటనే మూసెయ్యాలి. ఆ గదిలో పాఠం చెప్పే మేడం పేరు హలీమా.

హలీమా నరసరావుపేట స్టేషన్ రోడ్డులో మోటార్లకు వైండింగు కట్టే జాన్ సాహెబ్ కూతురు. ఇక్కడే బీయస్సీ లెక్కలు చదివి, గుంటూరులో ఏడాది కంప్యూటర్ కోర్సు చేసొచ్చింది. ఇరవై నాలుగేళ్లు. మాట తక్కువ. పాఠం చెప్పేటప్పుడు కూడా అవసరమైన నాలుగు ముక్కలు చెప్పి, మిగతాదంతా నేర్చుకునేవాళ్ల చేతే మిషను మీద చేయించేది. అందుకే ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లకు పని తొందరగా వచ్చేది. చిలకలూరిపేటలో ఒక పత్తి జిన్నింగు మిల్లు కొత్తగా కంప్యూటర్ పెడితే, దాని ముందు కూచోవటానికి విజయలక్ష్మి అనే అమ్మాయి ఆమె దగ్గర్నుంచే వెళ్లింది. పిడుగురాళ్ల సున్నం కంపెనీ ఆఫీసుకి ఐజాక్ కూడా అట్లాగే వెళ్లాడు.

ఎనభై ఎనిమిది వేసవిలో ఒక బ్యాచి అయిపోయి, ఇంకో బ్యాచి మొదలు కావటానికి నెలన్నర ఖాళీ వచ్చింది. ఆ ఖాళీలో హలీమా పులిజూదాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించింది. మూడు పులులు, పదిహేను మేకలు, త్రికోణం మీద అడ్డగీతలు. పల్నాట్లో బండల మీద సుద్దముక్కతో గీసుకుని ఆడే ఆటే. కంప్యూటర్ పులుల్ని నడుపుతుంది, మనిషి మేకల్ని నడపాలి. మొదట్లో ఆ పులులు వట్టి మొద్దులు. ఎవరైనా పది నిమిషాల్లో కట్టేసేవాళ్లు. హలీమా రోజూ కాస్త కాస్త మార్చుకుంటూ పోతే, జూన్ నెలాఖరుకి బ్రహ్మయ్య గారు కూడా వరసగా మూడాటలు ఓడి, కళ్లజోడు తీసి తుడుచుకుని, "నాలుగోది రేపు ఆడతా" అని లేచారు.

ఒక్క లోపం మిగిలింది. మీట నొక్కితే మేక వెంటనే కదిలేది కాదు, నసిగి నసిగి కదిలేది. గుంటూరు నుంచి తెచ్చుకున్న ఒక పాత ఇంగ్లీషు కంప్యూటర్ పత్రికలో దానికి మందు దొరికింది. మీట నొక్కారా లేదా అని మిషన్ని నేరుగా అడిగే చిన్న ముక్క అది. పద్నాలుగు బైట్లు, అంటే పద్నాలుగు అక్షరాలంత. హలీమా దాన్ని ఉన్నదున్నట్టు ఎక్కించుకుంది. మేకలు చురుగ్గా కదిలాయి.

ఆట బాగుందని నేర్చుకునేవాళ్లు ఫ్లాపీల్లోకి ఎక్కించుకుని తీసుకుపోయారు. అడిగినవాళ్లకి హలీమా కాదనలేదు. మాచర్లలో ఒక లాయరు గారి అబ్బాయి దగ్గర ఉందని, గుంటూరులో బ్యాంకు ఆఫీసరు ఒకాయన ఆడుతున్నాడని తర్వాత తర్వాత కబుర్లు వచ్చాయి. వింటే ఆమెకు సంతోషంగానే ఉండేది, కానీ ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

మరుసటేడు ఆగస్టులో, ఒక సోమవారం పొద్దున చిలకలూరిపేట మిల్లులో విజయలక్ష్మి కంప్యూటర్ ఆన్ చేస్తే అది లేవలేదు. సీజనంతా ఏ ఊరి పత్తి ఎన్ని గోనె బోరాలు వచ్చిందీ, ఏ బేలు ఎంత తూగిందీ, అన్నీ అందులోనే ఉన్నాయి. గుంటూరు నుంచి సర్వీసు ఇంజనీరు వచ్చాడు. రెండు గంటలు కుస్తీ పట్టి మిషన్ని లేపాడు గానీ, లోపల ఉన్న లెక్కల్లో సగం పైగా పోయాయి. వైరస్‌ల్ని వెతికే ఫ్లాపీ ఒకటి ఆ మధ్యే బొంబాయి నుంచి అతని చేతికొచ్చింది. ఆఫీసులో ఉన్న ఫ్లాపీలన్నిటినీ దాంతో వరసగా చూశాడు. పదింటి మీద మిషను ఏమీ అనలేదు. పదకొండోదాని మీద కంప్యూటర్ బీప్ బీప్‌మని మోగి, తెర మీద ఒక లైను ఆరుతూ వెలుగుతూ నిలబడింది. వైరస్ దొరికిందని దాని అర్థం, చివర ఆ వైరస్ పేరు. ఆ ఫ్లాపీలో ఉన్నది పులిజూదం.

మిల్లు మేనేజరు పున్నయ్య ఆ మధ్యాహ్నమే జీపేసుకుని నరసరావుపేట వచ్చాడు. వెంట విజయలక్ష్మిని కూడా తీసుకొచ్చాడు. ఆ అమ్మాయి ఏడ్చి ఏడ్చి ఉంది, తల ఎత్తలేదు. పున్నయ్య గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఫ్లాపీ బల్ల మీద పెట్టి, బ్రహ్మయ్య గారి ఎదురుగా కూచుని అడిగాడు.

"ఇది మీ దగ్గర్నుంచి వచ్చిందేనంట గదా?"

"నేను రాసిందేనండీ" అంది హలీమా.

"ఇందులో వైరస్ ఉందంటమ్మా. సీజను లెక్కంతా తినేసింది. మా పిల్ల తెలియక పెట్టుకుంది, దాన్ని ఏమన్నా ఏం లాభం. రాసిందానివి నువ్వు గదా, నువ్వు చెప్పు."

"అందులో ఆట తప్ప ఏమీ లేదండీ."

పున్నయ్య జేబులోంచి ఇంకో ఫ్లాపీ తీశాడు. ఇంజనీరు ఇచ్చిన వెతికే ఫ్లాపీ. "మీ మిషను మీదే చూడండి. నేను చెప్పటం ఎందుకు."

చూశారు. ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న రెండు కంప్యూటర్ల మీదా, ఆట ఎక్కించిన ఏడు ఫ్లాపీల మీదా అదే మోత. మిగతా ఫ్లాపీల మీద ఒక్కదాని మీదా లేదు. ముందు గదిలో టైపు కొట్టేవాళ్లు చేతులాపి ఇటు చూశారు. హలీమా ఆ ఆరి వెలిగే లైనునే చూస్తూ నిలబడింది. ఆ క్షణంలో ఆమెకే అనుమానమొచ్చింది, ఎక్కడన్నా ఎవరి ఫ్లాపీ నుంచన్నా నిజంగానే ఏదో ఎక్కిందేమోనని.

పున్నయ్య వెళ్లాడు. బ్రహ్మయ్య గారు హలీమా చేతే ఆ ఏడు ఫ్లాపీలనూ తుడిపించారు. రెండు కంప్యూటర్లలోంచీ ఆట తీయించారు.

"నిన్ను అనుమానించటం లేదమ్మాయ్. నీ చేత్తో నువ్వు అట్లాంటి పని చెయ్యవని నాకు తెలుసు. కానీ మిషను చెప్తంది గదా. రేపు పిల్లల తండ్రులొచ్చి అడిగితే నేనేం చెప్పను? కొన్నాళ్లు రాబాకు. కాస్త సద్దుమణగనీ."

"ఎన్నాళ్లు సార్?"

"నేను కబురు చేస్తా."

ఆమె తన సంచీ తీసుకుని వచ్చేసింది. సంచీలో ఆట మొదటి ఫ్లాపీ ఉంది. దాన్ని తుడవమని ఆయన అనలేదు, ఉందని ఈమె చెప్పలేదు.

రెండు రోజుల్లో ఊళ్లో మాట పాకింది. వైరస్ అంటే ఏమిటో తెలిసినవాళ్లు తక్కువ. టైపు నేర్చుకునే ఒక పిల్ల తల్లి దారిలో హలీమాను ఆపి, "ఏందమ్మా, ఆ చల్లగదిలో వైరస్ పడిందంట గదా, మా పిల్ల ముందు గదిలోనే కూచుంటది, దానికేం అంటుకోదుగా" అని అడిగింది. అది మనుషులకు అంటుకునేది కాదని హలీమా చెప్పింది. ఆవిడ నమ్మినట్టు తలూపి, ఆ వారమంతా పిల్లని పంపలేదు. అదేమిటో తెలిసినవాళ్లు అసలు అడగనే లేదు. తెలిసినవాళ్లతోనే ఎక్కువ కష్టమైంది. ఒకప్పుడు ఫ్లాపీ అడిగి తీసుకుపోయిన కాలేజీ కుర్రాడొకడు ఎదురొచ్చి, సైకిలు పక్క సందులోకి తిప్పుకున్నాడు.

మూడో రోజు ఇంట్లో ఊరికే కూచోలేక హలీమా తండ్రి షాపుకి వెళ్లింది. జాన్ సాహెబ్ ముందర ఒక మోటారు విప్పి ఉంది. వైండింగులో ఎక్కడో తీగ తెగింది. పైకి చూస్తే ఎక్కడా కనపడటం లేదు. ఆయన వైండింగు మధ్యలో జాయింటు విప్పి, టెస్ట్ ల్యాంపు తీగలు ఒక సగానికి తగిలించాడు. బల్బు వెలిగింది. "ఈ సగం బాగుంది" అని రెండో సగం చూశాడు. వెలగలేదు. ఆ సగంలో మళ్లీ మధ్య జాయింటు విప్పాడు. కూతురు చూస్తుంటే, తల ఎత్తకుండానే అన్నాడు.

"సగం సగం చూసుకుంటా పోతే దొరక్క యాడికి పోద్ది బేటీ. మొత్తం విప్పితే పొద్దు గూకినా తేలదు."

హలీమా అక్కడే స్టూలు మీద కూచుని ఆ మోటారు పని అయ్యేదాకా చూసింది. తర్వాత, తండ్రిని పిలుస్తూ, "అబ్బా, ఆదివారం నాతో పిడుగురాళ్ల వస్తావా?" అని అడిగింది. ఎందుకని ఆయన అడగలేదు.

ఐజాక్ పనిచేసే కంపెనీకి కూడా ఆ గుంటూరు ఇంజనీరే వచ్చేవాడు. వెతికే ఫ్లాపీ వాళ్లకూ ఒకటి ఇచ్చిపోయాడు. హలీమా ఉత్తరం అందగానే ఐజాక్ తన ఆఫీసరుని అడిగి ఒప్పించాడు. ఆదివారం చర్చి అయ్యాక ఆఫీసు తాళం తీసి కూచున్నాడు. తండ్రీ కూతుళ్లు బస్సు దిగి నడిచి వచ్చేసరికి ఇద్దరి చెప్పుల మీదా, జాన్ సాహెబ్ గడ్డం మీదా సున్నపు బట్టీల దుమ్ము తెల్లగా పేరుకుంది. ఆఫీసులో కంప్యూటర్‌కి ప్లాస్టిక్ ముసుగు, ముసుగు మీద దుప్పటి. ఐజాక్ వాటిని ఒక్కొక్కటే తీసి, బయటికి పోయి దులుపుకొచ్చాడు.

"మీ మీద నాకేం అనుమానం లేదు మేడం" అన్నాడు.

"ఉండాలి. ఉంటేనే సరిగ్గా చూస్తాం" అంది హలీమా.

జాన్ సాహెబ్ కాసేపు తెర వంక చూసి, తనకి అర్థమయ్యేదేమీ లేదని తేల్చుకుని, గోడకున్న ఎగ్జాస్టు ఫ్యాను తిరగటం లేదని చూసి దాన్ని విప్పటం మొదలుపెట్టాడు.

మొదట హలీమా ఆటకి ఎర వేసింది. వైరస్ అంటే పక్క ఫైళ్లకు అంటుకునేది. అంటుకుంటే ఆ ఫైలు పొడవు పెరుగుతుంది. ఏ దోషమూ లేదని తెలిసిన అసలు ఫ్లాపీతో మిషన్ని మొదలుపెట్టి, ఎర కోసం పది చిన్న ఫైళ్లు పెట్టి, ఒక్కోదాని పొడవు కాగితం మీద రాయించింది. తర్వాత ఐజాక్ చేత ఆట ఆడించింది. ఆడటం, ఆపటం, ఎరల పొడవు చూడటం. నలభై సార్లు. కొన్ని వైరస్‌లు ఫలానా తేదీకే లేస్తాయని ఆమె చదివింది. అందుకని మిషన్లో తేదీని మార్చి మార్చి ఆడించింది. శుక్రవారం పదమూడో తేదీ, జనవరి ఒకటి, ఏప్రిల్ ఒకటి. ఎరల పొడవు ఒక్క బైటు కూడా మారలేదు. తర్వాత వెతికే ఫ్లాపీ పెట్టి చూస్తే, ఎరల మీద ఏమీ లేదు. ఆట మీద మాత్రం మళ్లీ అదే మోత.

"ఇంకేం మేడం, తేలిపోయింది గదా" అన్నాడు ఐజాక్.

"మనకి తేలింది. వాళ్లకి తేలదు. ఇంకా మోగుతానే ఉంది."

అప్పుడు ఆమె ఆట ఫైలుని సగానికి కోసింది. మొదటి సగం ఒక ఫైలు, రెండో సగం ఒక ఫైలు. కోసిన ముక్క ఆడదు, కదలదు. అయినా వెతికే ఫ్లాపీ రెండో సగం మీద మోగింది. మొదటి సగాన్ని పక్కన పెట్టి, రెండో సగాన్ని మళ్లీ సగం చేసింది. మోగినదాన్ని ఉంచుకుని, మోగనిదాన్ని వదిలేస్తూ పోయింది. ఇరవై రెండు వేల బైట్ల ఫైలు పదకొండు వేలయింది, అయిదున్నర వేలయింది, పదమూడు వందల చిల్లరకొచ్చింది. ఆ తర్వాత కోస్తే రెండు ముక్కల మీదా ఏ మోతా లేదు.

ఇద్దరూ తెర వంకే చూశారు. ఐజాక్ మళ్లీ మళ్లీ పెట్టాడు. లేదంటే లేదు. పోయిన ముక్క ఎక్కడికి పోయిందో అర్థంకాక హలీమా లేచి కిటికీ దగ్గరికి పోయింది. బయట సున్నపు లారీలు ఆదివారం కాబట్టి వరసగా ఆగి ఉన్నాయి. జాన్ సాహెబ్ ఫ్యాను రెక్కలు తుడుస్తూ, "ఏమైంది?" అన్నాడు.

"సగం చేస్తే రెండు సగాలూ బాగున్నయ్ అబ్బా."

"అయితే కోసింది సరిగ్గా అది ఉన్నకాడే అయ్యుంటది" అన్నాడు ఆయన. తన పనిలో అట్లాంటివి చూసినవాడి మాట అది.

హలీమా వచ్చి కూచుని, ఈసారి కొంచెం పక్కకి జరిపి కోసింది. మోగింది. ఇక ఆగకుండా కోసుకుంటూ పోతే, మధ్యాహ్నం రెండయ్యేసరికి చివరికి పద్నాలుగు బైట్లు మిగిలాయి. అందులో ఒక్కటి తీసేసినా మోగటం లేదు. పద్నాలుగూ ఉంటే మోగుతోంది.

ఆ పద్నాలుగింటినీ ఆమె చూడగానే గుర్తుపట్టింది. అవి ఆమె రాసినవి కావు. ఇంగ్లీషు పత్రికలోంచి ఎక్కించుకున్న, మీట నొక్కారా లేదా అని అడిగే ముక్క. ఏదో వైరస్ రాసినవాడు కూడా అదే పత్రికలోంచో, అట్లాంటి ఇంకోదాంట్లోంచో తీసుకుని ఉంటాడు. ఆ వైరస్‌ని పట్టుకోవటానికి బొంబాయి వాళ్లు ఏదో ఒక గుర్తు పెట్టుకోవాలి గనక, చూసి చూసి ఈ ముక్కనే పెట్టుకున్నారు.

"అయితే ఆ ముక్కని మార్చేస్తే అయిపోద్ది మేడం" అన్నాడు ఐజాక్.

హలీమా మార్చి చూసింది. మధ్యలో ఏ పనీ చెయ్యని ఒక్క బైటు పెట్టింది. ఆట ఎప్పటిలాగే ఆడింది. వెతికే ఫ్లాపీ నోరు మెదపలేదు. అంతా కలిపి అయిదు నిమిషాల పని. ఈ కాపీని తీసుకెళ్లి పున్నయ్య ముందు పెట్టి, శుభ్రం చేశానండీ అంటే ఆయన సరేననేవాడు, బ్రహ్మయ్య గారు రమ్మనేవారు, ఊరు మర్చిపోయేది. ఆమె ఆ కాపీని కాసేపు అట్లాగే ఉంచింది. శుభ్రం చేశానంటే అంతకుముందు మురికి ఉన్నట్టే గదా అనుకుని, దాన్ని చెరిపేసింది.

ఫ్యాను తిరుగుతోంది. ఐజాక్ ఇంటి నుంచి హన్నమ్మ, అంటే అతని తల్లి, ముగ్గురికీ అన్నం క్యారేజీ పంపింది. తిని, నాలుగింటి బస్సుకి తండ్రీ కూతుళ్లు బయల్దేరారు.

మర్నాడు హలీమా కబురు కోసం ఆగకుండా ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లింది. బ్రహ్మయ్య గారికి కూచోబెట్టి చెప్పబోతే ఆయన చెయ్యెత్తి ఆపారు. "నాకు చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే. పున్నయ్యకి అర్థమయ్యేట్టు చెప్పగలవా?"

"చెప్పను సార్. ఆయన చేతే చేయిస్తా."

ఆయన ఫోన్ చేసి మాట్లాడారు. బుధవారం పున్నయ్య ఏదో పని మీద నరసరావుపేటకి వస్తూ, పది నిమిషాలే ఉంటానని చెప్పి లోపలికొచ్చాడు. విజయలక్ష్మి కూడా వచ్చింది. మిల్లులో ఆమెను కంప్యూటర్ దగ్గర్నుంచి తీసేసి, కాటా దగ్గర చీటీలు రాయటానికి పెట్టారు.

హలీమా మీటల మీద చెయ్యి వెయ్యలేదు. విజయలక్ష్మిని కూచోమంది. కొత్త ఫ్లాపీ డబ్బా పున్నయ్య చేతికిచ్చి సీలు విప్పమంది. అందులో ఒక ఫ్లాపీ తీసి పెట్టించి, ఖాళీ ఫైలు ఒకటి తెరిపించింది. తర్వాత పున్నయ్య చేతికి ఒక కాగితం ఇచ్చింది. దాని మీద పద్నాలుగు జంటలు, అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలిపి.

"చదవండి. ఆ అమ్మాయి కొడుతుంది."

"ఏందివి?"

"చదివాక చెప్తానండీ."

పున్నయ్య కాగితం దూరంగా పట్టుకుని, బడిలో ఎక్కాలు అప్పజెప్పినట్టు చదివాడు. "బీ నాలుగు. సున్నా ఒకటి. సీ డీ. ఒకటి ఆరు." విజయలక్ష్మి ఒకటి తప్పు కొడితే, హలీమా తొందరపెట్టకుండా మళ్లీ కొట్టించింది. పద్నాలుగూ అయ్యాక ఫైలు మూసి, పున్నయ్య వెంట తెచ్చిన వెతికే ఫ్లాపీ పెట్టించింది.

కంప్యూటర్ మోగింది. ఆ లైను ఆరుతూ వెలుగుతూ నిలబడింది. మిల్లులో వచ్చిన పేరే, అదే వైరస్.

పున్నయ్య కాగితాన్నీ తెరనీ మార్చి మార్చి చూశాడు. "అంటే మా విజయలక్ష్మి ఇప్పుడు వైరస్ తయారు చేసిందా?"

"మీరు చదివారు, ఆమె కొట్టింది" అంది హలీమా. "చివరి జంట ఒక్కటి మార్చమనండి."

మార్చి చూస్తే మోత లేదు. మళ్లీ పాతది పెడితే మోత. పున్నయ్య మూడుసార్లు చేయించాడు. మూడోసారి తనే జరిగి కూచుని, ఒక్కవేలితో తనే కొట్టాడు. హలీమా అప్పుడు సంచీలోంచి పత్రిక తీసి, ఆ పేజీ తెరిచి, అందులో అచ్చయిన పద్నాలుగు జంటల పక్కన కాగితం పెట్టింది. రెండేళ్ల నాటి పత్రిక.

"ఇవి వైరస్ మాటలు కాదండీ. ఎవరన్నా మీట నొక్కారా అని అడిగే మాటలు. నేనూ వాడుకున్నా, వాళ్లెవరో వైరస్ రాసినవాళ్లూ వాడుకున్నారు. దొంగ కూడా తలుపు మనం తట్టినట్టే తడతాడు. తట్టిన చప్పుడు ఒకటేనని, తట్టినవాళ్లందరినీ దొంగలంటే ఎట్లా?"

"అయితే ఆ ఫ్లాపీ అబద్ధం చెప్పిందంటావా?"

"అబద్ధం కాదు. పోలిక చూసి చెప్తంది. అంతకన్నా దానికి తెలియదు."

పున్నయ్య కాగితాన్ని మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "అదంతా సరేనమ్మా. మరి మా లెక్కలెట్లా పోయినయ్?"

హలీమాకి ఆ సంగతి తెలియదు. తెలియదనే చెప్పింది. అప్పుడు విజయలక్ష్మి, కుర్చీలోంచి లేవకుండానే, తెర వంక చూస్తూ నెమ్మదిగా అంది.

"శుక్రవారం మళ్లీ ఆగింది గదండీ."

పున్నయ్య ఆమె వంక చూశాడు.

"ఇంజనీరు గారు అంతా తుడిచి కొత్తగా పెట్టాక ఆగింది. అప్పుడు ఈ ఆట లేదు, ఒక్క ఫ్లాపీ కూడా లేదు. కాటా దగ్గర్నుంచి నేను చూస్తానే ఉన్నా. ఈ వానాకాలం రిపేర్లని మోటార్లు ఆన్ చేసి చూసినప్పుడల్లా ఆఫీసులో లైట్లు మినుకుతున్నయ్. అప్పుడే ఆగుతంది."

పున్నయ్య ఆ సంగతి నరసరావుపేటలో ఎవరికీ చెప్పి ఉండలేదు. చెప్పనందుకు సిగ్గుపడ్డట్టు కూడా కనపడలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని లేచాడు. "ఇంజనీరుని కరెంటు సంగతి చూడమంటాలే" అన్నాడు. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ బ్రహ్మయ్య గారితో, "మీ మేడం తెలివైందే. అయినా ఆఫీసులో ఆటలెందుకండీ, ఆట వద్దు" అన్నాడు.

విజయలక్ష్మి వెనక నుంచి పోతూ హలీమా దగ్గర ఆగింది. "ఆ రోజు మీ పేరు నేనే చెప్పా మేడం. భయమేసి."

"నా దగ్గర్నుంచి తీసుకెళ్లిందే గదా. చెప్పకుండా ఎట్లా ఉంటావు" అంది హలీమా. ఆమెకు కోపం లేదని కాదు. ఉంది. కానీ ఆ అమ్మాయి శుక్రవారం సంగతి చెప్పటానికి ఎంత ధైర్యం కూడగట్టుకుందో కూడా చూసింది.

మర్నాటి నుంచి హలీమా మామూలుగా పాఠాలు చెప్పింది. బ్రహ్మయ్య గారు ఆమెను రమ్మని అనలేదు, వద్దనీ అనలేదు. పొద్దున తొమ్మిదింటికి వెనక గది తాళంచెవి ఎప్పటిలాగే బల్ల మీద పెట్టారు. అటు మిల్లులో ఇంజనీరు వచ్చి, కరెంటు హెచ్చుతగ్గుల్ని ఆపే స్టెబిలైజరు పాడైందని తేల్చి కొత్తది పెట్టించాడు. లోపలి హార్డ్ డిస్క్ కూడా దెబ్బతిని ఉందని మార్చాడు. విజయలక్ష్మి దీపావళి ముందు మళ్లీ కంప్యూటర్ దగ్గరికొచ్చింది. సగం లెక్కల్ని చీటీలు చూసి మళ్లీ ఎక్కించటానికి ఆమెకు రెండు నెలలు పట్టింది.

హలీమా బొంబాయి కంపెనీకి ఉత్తరం రాసింది. పద్నాలుగు బైట్లనూ, పత్రిక పేజీనీ, తను చేసిన పరీక్షలన్నిటినీ వరసగా టైపు చేసి పంపింది. చివర ఒక మాట చేర్చింది. ఈ ముక్కలో ఒక్క బైటు చేర్చితే మీ ఫ్లాపీ పట్టుకోవటం లేదు, నేను ఆటలో చేర్చి చూశాను, వైరస్ రాసేవాళ్లు కూడా చేర్చగలరు. జవాబు రాలేదు. డిసెంబరులో ఇంజనీరు కొత్త ఫ్లాపీ తెచ్చాడు. దాంతో పాటు ఒక అచ్చు కాగితం. అందులో కొత్తగా పట్టుకునే వైరస్‌ల పేర్లు ఉన్నాయి. అడుగున, ఒక పాత గుర్తును సవరించామని ఒక్క వాక్యం ఉంది. ఎవరి పేరూ లేదు, ఎందుకు సవరించారో లేదు. కొత్త ఫ్లాపీతో పులిజూదాన్ని చూస్తే మోగలేదు.

బ్రహ్మయ్య గారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, ఆటని మళ్లీ రెండు కంప్యూటర్లలోనూ పెట్టమన్నారు. పెట్టింది. ఒక వారం ఆడారు. ఈలోగా గుంటూరు నుంచి ఎవరో కార్ల ఆట తెచ్చారు. అందరూ దానికి ఎగబడ్డారు.

కొత్త ఏడాది వచ్చేసరికి హలీమాకి ఇంకో పని తగులుకుంది. ఫ్లాపీలో ఏదో ఉందని అనుమానమొచ్చినవాళ్లు నరసరావుపేట పోయి ఆ మేడం చేత చూపించుకోమని ఒకరికొకరు చెప్పుకోవటం మొదలుపెట్టారు. చానా వరకు ఏమీ ఉండేది కాదు. ఒకసారి గురజాల నుంచి ఒక లెక్కల మాస్టారు నాలుగు ఫ్లాపీలు పట్టుకొచ్చాడు. ఆమె వెతికే ఫ్లాపీ కన్నా ముందు ఎరలు పెట్టి, ఒక్కో ఫ్లాపీలో ఉన్నవి నడిపి చూసింది. మూడో దాంతో ఎర పద్దెనిమిది వందల పదమూడు బైట్లు పెరిగింది. మళ్లీ చేసింది. మళ్లీ అంతే పెరిగింది. తర్వాత వెతికే ఫ్లాపీ పెడితే అదీ మోగింది.

"ఉందండీ. ఈసారి నిజంగానే ఉంది" అంది.

మాస్టారు మొహం గంటు పెట్టుకున్నాడు. "ఇది మా తోటి మాస్టారు మౌలాలీ ఇచ్చిన ఫ్లాపీ. చూశావా, నవ్వుతా ఇచ్చాడు. వాడే ఎక్కించి ఉంటాడు."

"ఆయనకి ఎవరిచ్చారో?"

"అది నేనడగలేదు."

"అడగండి. ఆయన ఫ్లాపీలు కూడా తీసుకురండి, చూస్తాను" అంది హలీమా. ముందూ తర్వాతా ఎర పొడవులు రెండూ కాగితం మీద రాసి, తేదీ వేసి, ఆయన చేతికిచ్చింది. ఆయన దాన్ని కళ్లజోడు పెట్టుకుని చదువుతూ అక్కడే నిలబడ్డాడు. పదింటి బ్యాచి వాళ్లు చెప్పులు విప్పి లోపలికొస్తున్నారు. ఆమె వాళ్ల కోసం రెండో కంప్యూటర్ ఆన్ చేసింది.